అత్తయ్య పెట్టిన ఐదు పొట్లాలు

తైనాన్ నగరంలో ఆ ఉదయం షియోయింగ్ ఎప్పటిలాగే సోయాపాలు తీసుకొని వచ్చేసరికి, కోడలు ఫెయ్‌లిన్ కంప్యూటరు ముందు తల పట్టుకొని కూర్చుంది. ఇంటర్నెట్‌లో సురక్షితమైన దారి అయిన వీపీఎన్ ద్వారా దూరాన షిన్‌చు నగరంలోని ఆఫీసుకు పంపిన యంత్రపు నమూనా ఫైలు ఈ నెలలో ఐదోసారి పాడై చేరింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇంటి నుంచి పని రద్దు. ఎనిమిది నెలల పాపను వదిలి ఆమె వారమంతా షిన్‌చులో ఉండాలి.

"తుడుస్తూ నువ్వే వైరు కదిలించి ఉంటావమ్మా," అన్నాడు కొడుకు జెన్‌షెంగ్. "ఇక ఈ గదిలోకి రాకు."

"వైరు ముట్టుకోలేదురా."

"మరి దయ్యం ముట్టుకుందా?"

షియోయింగ్ గ్లాసు బల్లమీద పెట్టి, గడప అవతలికి నడిచింది.

"నువ్వు చూశావా?" అంది ఫెయ్‌లిన్ భర్తతో. "కారణం తేలనీ. తర్వాత ఎవరినైనా అను."

ఆమె చిన్న ఫైలు పంపింది. క్షేమంగా చేరింది. పెద్దది పంపితే, ఇరవై నిమిషాలకు వీపీఎన్ తెగి, అవతల సగమే మిగిలింది. రెండు చోట్లా ఫైలును సరిచూసే సంఖ్యలు కలవలేదు. చిట్టా తిరగేస్తే ప్రతిసారీ ఒకటే జరుగుతోంది: రూటరు తనంతట తానే ఆగి, మళ్లీ మొదలవుతోంది.

వెళ్లి రూటరును ముట్టుకుంటే అట్లపెనంలా కాలింది. దాని మీదా, చుట్టూ గాలి ఆడకుండా ఐదు ఆకుపచ్చ చిరుతిండి పొట్లాలు. అవి పక్కనుంటే యంత్రాలు మాట వింటాయన్న నమ్మకంతో ఆఫీసులోనూ అందరూ పెట్టేవే.

"ముందు ఒకటే పెట్టానమ్మా," అంది షియోయింగ్ గడప అవతలి నుంచే. "నీ ఫైలు పాడైనప్పుడల్లా ఇంకొకటి తెచ్చాను. ఇవాళ్టిది ఇంకా తేలేదు. గడువు దాటితే పనిచేయవని తేదీ కూడా చూశాను."

ఫెయ్‌లిన్ నాలుగు పొట్లాలు తీసి, ఐదోదాన్ని రూటరుకు జానెడు దూరంలో నిలబెట్టింది. యంత్రం చల్లారాక పంపిన ఫైలు పూర్తిగా చేరింది. సంఖ్యలు కలిశాయి.

"ఈ నాలుగూ నేను తినేయనా?" అన్నాడు జెన్‌షెంగ్, తేలిగ్గా.

"యంత్రానికి పెట్టినవి తినకూడదు," అంది తల్లి. ఇంకా గడప దాటలేదు.

ఫెయ్‌లిన్ ఆమెను పిలవలేదు. ఎవరు పిలవాలో వాళ్లే పిలవాలని భర్తకేసి చూస్తూ నిలబడింది.

అతను తల దించుకున్నాడు. "చూడకుండా అన్నాను. తప్పు నాదమ్మా. లోపలికి రా."

షియోయింగ్ వచ్చి, జ్వరం చూడటానికి పాప నుదుటిని తాకినట్టు రూటరును వేలి కొసతో తాకింది.

"తగ్గింది," అంది.

ఫెయ్‌లిన్ కళ్లు తుడుచుకుంటూ, చల్లారిన సోయాపాలు తాగింది.