మూడో మంచం పేషెంట్‌కి జబ్బు లేదు

"మీకు నిజంగా ఒంట్లో బాగోలేదా, లేక నటిస్తున్నారా?"

నర్సింగ్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి మంచం మీదున్న పేషెంట్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది కాదు. నమస్కారం పెట్టి, పేరు చెప్పి, "మీ పల్స్ చూడనా?" అనాలి. వాళ్ళ పాఠమంతా నాకు కంఠతా వచ్చు. ఎందుకంటే ఆ పేషెంట్‌ని నేనే. జబ్బు నటించడమే నా పని.

"నటిస్తున్నాను. అందుకేగా నన్ను పెట్టుకున్నారు," అన్నాను.

"అది తెలుసు. ఆ నటన వెనకాల ఇంకేదైనా నాటకం ఉందేమోనని."

నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నంతా సైకిల్ మీద ఇంటింటికీ పార్సిళ్ళు పంచి, మధ్యాహ్నం వచ్చి ఈ ప్రాక్టీస్ గదిలో పడుకుంటాను. ఒకటో మంచం మీద ప్లాస్టిక్ బొమ్మ ఉంటుంది. పిల్లలు దాన్ని తాతగారంటారు. రెండో మంచం ఖాళీ, దుప్పటి ముడతల్లేకుండా పరచడం నేర్చుకోడానికి. మూడోది నాది. వార్డులోకి వెళ్ళేలోపు బతికున్న మనిషి చెయ్యి పట్టుకోవడం అలవాటు కావాలి కదా! ఒకరోజు కడుపునొప్పి, ఒకరోజు ఆయాసం. వాళ్ళు చేతులు కడుక్కొచ్చి, పల్స్ చూసి, బీపీ చూసి, "ఇప్పుడెలా ఉంది సార్?" అంటారు. నేను మూలుగుతాను.

ఇంతమందిలో నన్ను దొంగని చూసినట్టు చూసింది ఆ అమ్మాయి ఒక్కతే. ఆ రోజే మనసులో ఆమెకి డిటెక్టివ్ అని పేరు పెట్టేశాను.

నిజం చెప్పాలంటే, ఆమె అనుమానం పూర్తిగా తప్పు కాదు. నా దగ్గర దాపరికం ఉంది. ఈ పిల్లలకి ప్రాక్టికల్స్ చెప్పే మేడమ్ నా సొంత అక్క.

"కాలేజీలో నేను నీకు అక్కని కాదు, మేడమ్‌ని," అని మొదటిరోజే చెప్పింది. "నా తమ్ముడివని తెలిస్తే సగంమంది నిన్ను చూసి భయపడతారు, సగంమంది నీచేత సిఫారసు చేయిస్తారు. నోరు జారావో, ఇంట్లో అన్నం పెట్టను."

అన్నం మాటెత్తాక ఇంకేం మాట్లాడతాను?

కానీ డిటెక్టివ్ ఊరుకోదే! రెండోరోజు బీపీ పట్టీ చుడుతూ మెల్లిగా మొదలుపెట్టింది.

"మీ లంచ్ బాక్సూ, మేడమ్ లంచ్ బాక్సూ ఒకేలా ఉన్నాయి."

"బజార్లో అందరికీ అవే అమ్ముతారు."

"రెండు మూతల మీదా ఒకే ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఉంది. అది కూడా బజార్లోనే పెట్టిస్తారా?"

పని గుర్తొచ్చినట్టు గట్టిగా మూలిగాను. పక్కింటివాళ్ళ డబ్బాల్లో కలిసిపోకుండా ఆ చుక్కలు పెట్టింది అక్కే. డిటెక్టివ్ పట్టీలో గాలి గట్టిగా కొట్టింది. చెయ్యి ఊడొస్తుందేమో అనిపించింది.

అసలు గొడవ పల్స్ దగ్గర మొదలైంది. మిగతా పిల్లలెవరు చూసినా నాది అరవై, మహా అయితే అరవై రెండు. డిటెక్టివ్ చూస్తే మాత్రం నూట పన్నెండు! మర్నాడు నూట పది. ఆ తర్వాత నూట పదిహేను. అక్క వచ్చి నా చెయ్యి పట్టుకునేసరికి మళ్ళీ అరవై. కళ్ళజోడు పైనుంచి ఆ అమ్మాయిని ఒక్క చూపు చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

ఆ సాయంత్రం ఇంట్లో బట్టలు మడతపెడుతూ అంది. "ఆ అమ్మాయి చూడకుండానే అంకె రాసేస్తోందని నా అనుమానం."

"ఎందుకు రాస్తుందక్కా?"

"బద్ధకం. సోమవారం నుంచి వీళ్ళంతా పెద్ద నర్సుల వెనకాల వార్డుల్లోకి వెళ్ళాలి. అక్కడ ఒక్క దొంగ అంకె వేస్తే మనిషి ప్రాణం మీదికొస్తుంది. శుక్రవారం అందరి ముందూ నీ పల్స్ చూడమంటాను. ఇంకో చెయ్యి నేను పట్టుకుంటాను. తేడా వచ్చిందో, ఆ అమ్మాయి వార్డుకి వెళ్ళదు. వచ్చే ఏడాది పిల్లలతో మళ్ళీ మొదటినుంచి చదువుకుంటుంది."

మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడతపెట్టాను. ఎందుకంటారా? ఆ నూట పన్నెండు నిజమేనని నాకు నమ్మకం. ఆ అమ్మాయి చేతులు కడుక్కొచ్చి, సబ్బు వాసనతో, చల్లటి వేళ్ళతో నా మణికట్టు పట్టుకుంటే నాకు లోపల ఏదో అయిపోతోంది. మొదట్లో భయమనుకున్నాను, తర్వాత కోపమనుకున్నాను. ఆమె సెలవు పెట్టిన రోజు నేను ఆయాసం పేషెంట్‌ని అయ్యుండి మూలగడం కూడా మర్చిపోయాక అర్థమైంది, ఇది ఆ రెండూ కాదని. ఆమె వెళ్ళిపోగానే గుండె చల్లబడుతుంది, అందుకే అక్కకి దొరకడం లేదు. ఇదీ నా లెక్క. పోనీ అక్కతో చెబుదామంటే, ఏమని చెప్పను? "నీ స్టూడెంట్ ముట్టుకుంటే నీ తమ్ముడి గుండె గంతులేస్తోంది" అనా?

గురువారం సాయంత్రం వాన. కాలేజీ గుమ్మంలో సైకిల్ పట్టుకుని నిలబడ్డాను. పక్కన ఎవరో దగ్గారు. చూస్తే డిటెక్టివ్. గొడుగు ఉంది, కానీ తెరవడం లేదు.

"మీరే ఏదో చేస్తున్నారు," అంది, నా వైపు చూడకుండా.

"నేనేం చేశాను?"

"చంకలో బంతి పెట్టి నొక్కితే పల్స్ మారుతుందట. మా క్లాసు అమ్మాయి చెప్పింది."

"నా చంకలో బంతి లేదండీ! కావాలంటే వెతుక్కోండి."

"ఛీ!" అని దూరం జరిగింది. వానలో తడిసింది, మళ్ళీ దగ్గరికి జరిగింది. "మీరు మేడమ్ మనిషి. మేడమ్‌కి నేనంటే పడదు, రేపు తేడా వస్తే వార్డుకి పంపనన్నారు. ఇద్దరూ కలిసి నన్ను ఆపాలని చూస్తున్నారు. అవునా, కాదా?"

"మేడమ్ మనిషినే. కానీ మిమ్మల్ని ఆపాలని లేదు."

"అయితే నా ఒక్కదాని దగ్గరే మీ పల్స్ అలా ఎందుకు పరిగెడుతుంది?"

చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది. "వాన తగ్గేలా ఉంది," అన్నాను. నాలాంటి చవట ఇంకొకడుండడు.

ఆమె గొడుగు కొనతో నేల గీకుతూ నిలబడింది. "మా అమ్మమ్మ నా తెల్ల యూనిఫామ్ ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తోంది, ముట్టుకోకండి మాసిపోతుంది అంటూ. నన్ను ఆపేశారని, అదీ దొంగ అంకెలు వేసినందుకని, ఆవిడకి ఎలా చెప్పను?" నా వైపు తిరిగింది. "నేను అబద్ధం రాయలేదండీ. నా వేలికి ఎంత తగిలితే అంతే రాశాను."

గొడుగు తెరిచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

శుక్రవారం పిల్లలంతా మంచం చుట్టూ నిలబడ్డారు. నా ఎడమ చెయ్యి డిటెక్టివ్ చేతిలో, కుడి చెయ్యి అక్క చేతిలో. ఇద్దరి కళ్ళూ గోడ గడియారం మీద. నా కళ్ళు పైకప్పు మీద.

నిమిషం అయింది.

"నూట పద్దెనిమిది," అంది డిటెక్టివ్ సన్నగా.

"ఎనభై నాలుగు," అంది అక్క. "ఒకే మనిషికి రెండు గుండెలుండవమ్మా."

"నేను లెక్కపెట్టాను మేడమ్. ఒట్టు!"

"చూడకుండా అంకె వేసేవాళ్ళని నేను వార్డుకి పంపను."

డిటెక్టివ్ మొహం తెల్లబోయింది. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు చూశాక ఇంకెక్కడి అన్నం, ఎక్కడి మేడమ్! దిగ్గున లేచి కూర్చున్నాను.

"ఆ అమ్మాయి చెప్పింది నిజం అక్కా!"

గదంతా "అక్కా?!" అంది. డిటెక్టివ్ తడికళ్ళతోనే నన్ను ఉరిమి చూసింది. 'నెయిల్ పాలిష్ చుక్క' అని పెదవులు కదిలాయి.

"తనొచ్చి చెయ్యి పట్టుకుంటే నా గుండె అలాగే కొట్టుకుంటుంది," అన్నాను. ఆగడం నావల్ల కాలేదు. "నాకు తనంటే ఇష్టం. ప్రేమే అనుకో. శిక్ష వేస్తే నాకు వెయ్యి, తనని ఆపకు."

ఎవరో ఈల వెయ్యబోయి అక్కని చూసి మానుకున్నారు. అక్క మాత్రం చలించలేదు.

"ఒరేయ్, నీ ప్రేమ సంగతి తర్వాత. నీ పల్స్ నా వేళ్ళ కిందే ఉంది. ఎనభై నాలుగే."

నా పరువు గంగలో కలిసింది. అంతమందిలో ప్రేమని ఒప్పుకున్నాను, నా గుండే నాకు సాక్ష్యం చెప్పలేదు.

అక్క కళ్ళు ఉన్నట్టుండి నా ఎడమ చేతి మీద ఆగాయి. డిటెక్టివ్ ఇంకా దాన్ని వదల్లేదు. అక్క వంగి చూసింది.

"అమ్మాయ్, వెళ్ళి తాతగారి పల్స్ చూడు."

"తాతగారి... బొమ్మదా మేడమ్?"

"చూడమన్నాను."

వెళ్ళి ప్లాస్టిక్ మణికట్టు పట్టుకుంది. రెండు క్షణాలయ్యాక ఆమె మొహం చూడాలి! "మేడమ్, కొట్టుకుంటోంది!"

గది గొల్లుమంది. "తాతగారు లేచారే!" అన్నారెవరో.

అక్క వెళ్ళి ఆమె బొటనవేలు పట్టుకుని పైకెత్తింది. "దీనితో చూస్తున్నావా? మూడు వేళ్ళతో చూడాలని ఎన్నిసార్లు చెప్పాను? బొటనవేలికి దాని నాడి దానికుంటుంది. దానితో నొక్కితే నీకు తగిలేది నీ గుండే!"

"ఆ క్లాసు రోజు నాకు జ్వరం మేడమ్," అంది ఏడుపు గొంతుతో. "పక్కమ్మాయిని చూసి నేర్చుకున్నాను. క్లాసులో ఒకళ్ళకొకళ్ళం చూసుకున్నప్పుడు అందరికీ సరిగ్గానే వచ్చింది..."

"వాళ్ళ దగ్గర నీ గుండె మామూలుగా కొట్టుకుంది కనక. నీదీ వాళ్ళదీ దగ్గరదగ్గరగా ఉండేసరికి నేనూ పట్టుకోలేకపోయాను." అక్క గొంతు మెత్తబడింది. "నువ్వు అబద్ధం రాయలేదు. అనవసరంగా నిన్ను అనుమానించాను. అంకె నిజమే, మనిషే తప్పు."

అప్పుడు వెనక వరసలోంచి ఒకమ్మాయి మెల్లిగా అడిగింది. "అయితే మేడమ్, ఆ నూట పద్దెనిమిది..."

అందరూ డిటెక్టివ్ వైపు తిరిగారు. డిటెక్టివ్ తాతగారి వైపు తిరిగింది. వెనకనుంచి చూసినా చెవులు ఎర్రబడటం తెలుస్తోంది.

"కోపం మేడమ్," అంది. "కోపమొస్తే గుండె కొట్టుకోదా?"

"కొట్టుకుంటుంది, కొట్టుకుంటుంది," అంది అక్క. "ఇప్పుడు మూడు వేళ్ళతో చూడు. సరిగ్గా వస్తే సోమవారం యూనిఫామ్ వేసుకుని రా."

సరిగ్గా వచ్చింది. అక్కతో ఒక్క అంకె తేడా లేకుండా.

సాయంత్రం గుమ్మంలో డిటెక్టివ్ నాకోసం ఆగింది. మొహంలో సంతోషం ఉంది, కళ్ళల్లో పాత అనుమానం అలాగే ఉంది.

"నాది నూట పద్దెనిమిది. మీది ఎనభై నాలుగు. అంతమందిలో ప్రేమా గీమా అని అరిచారే, ఈ తేడా ఏంటి?"

"అది... నేను పడుకునున్నాను కదా..."

"పడుకుంటే ప్రేమ తగ్గుతుందా?"

నేను సైకిల్ తాళం వెతుక్కుంటుంటే వెనకనుంచి అక్క వచ్చింది, చేతిలో ఎర్రచుక్క డబ్బాతో.

"అది సైకిల్ తొక్కే గుండె తల్లీ. మెట్లెక్కి వచ్చినా డెబ్భై దాటదు. మా నాన్న బెత్తం పట్టుకున్నప్పుడు కూడా దాటలేదు. పడుకుని ఎనభై నాలుగంటే వీడికి అది పిచ్చి పరుగే." రెండడుగులు వేసి ఆగింది. "ఆదివారం మీ అమ్మమ్మగారు ఇంట్లో ఉంటారా? యూనిఫామ్ ఇస్త్రీ సంగతి వీడు చెప్పాడు, బాగుందని చెప్పి వెళదామని. వీణ్ణి కూడా తీసుకొస్తాను."

అక్క వెళ్ళిపోయింది. డిటెక్టివ్ నా వైపు తిరిగింది.

"మీ అక్క కదా, మిమ్మల్ని వెనకేసుకొస్తారు. చెయ్యి ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. మూడు వేళ్ళు పెట్టి, బొటనవేలు దూరంగా జరిపి, తన వాచీ చూడటం మొదలుపెట్టింది.

"ఎంత?" అన్నాను.

"మాట్లాడకండి. లెక్క తప్పుతుంది."

నిమిషం ఎప్పుడో అయిపోయింది. ఆమె వాచీ చూడటం కూడా మానేసింది. చెయ్యి మాత్రం వదల్లేదు. అనుమానం ఇంకా తీరలేదేమోలే అని నేనూ గుర్తుచెయ్యలేదు.