లేని పిట్ట గూడు

"ఊఁ, తర్వాత ఎవరు? టపాకాయ్, నువ్వు లే!" అన్నారు సైన్స్ టీచర్.

క్లాసంతా కిసుక్కున నవ్వింది. టపాకాయకు అసలు పేరు వేరే ఉంది. కానీ ఆలోచించేలోపే ఆ పిల్ల నోట్లోంచి మాట టప్పున పేలిపోతుంది. అందుకే అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు.

టపాకాయ మెల్లగా లేచి నిలబడింది. బల్ల అంచును గోటితో గీకింది.

విషయం ఏమిటంటే, ఆ స్కూలు వెనక గోడ దాటితే అన్నీ పొలాలే. పొలాల పక్కన పెద్ద మైదానం, మధ్యలో ఓ కాలువ. ఆ మొత్తం స్థలంలో గోడౌన్లు కడతామని ఒక కంపెనీ వచ్చి కూర్చుంది. "అక్కడ పిచ్చిమొక్కలు తప్ప ఏమున్నాయండీ!" అని కూడా చెప్పిందట. ఒళ్ళు మండదూ మరి? టీచర్, టైలర్ తాత, పొలాల వాళ్ళు, పిల్లల అమ్మానాన్నలు కలిసి ఒక కమిటీ పెట్టుకున్నారు. కట్టనివ్వాలో వద్దో తేల్చే ఆఫీసరు శనివారం వస్తున్నారు. అక్కడ ఏమేం బతుకుతున్నాయో ఆయనకు చూపించాలి. అందుకే టీచర్ పిల్లలందర్నీ సాయంత్రం పొలం గట్టు మీద కాసేపు కూర్చుని, కనిపించినవి వచ్చి చెప్పమన్నారు.

దళసరి కళ్ళద్దాల సోడాబుడ్డి తోకలున్న కప్పపిల్లల్ని చూశాడట. "అబ్బో!" అన్నారు టీచర్. ముందు బెంచీ పిల్ల ముంగిసను చూసిందట. మళ్ళీ "అబ్బో!" అన్నారు.

మరి టపాకాయ? అసలు గట్టు వైపే వెళ్ళలేదు. సాయంత్రమంతా టీవీ ముందు కాళ్ళు చాపుకుని కార్టూన్లు చూసింది.

"ఏం చూశావమ్మా?"

"వెళ్ళలేదు టీచర్" అంటే సరిపోయేది. మహా అయితే ఒక చీవాటు. కానీ ఆ నోరు ఊరుకుంటేగా!

"పిట్ట, టీచర్! పే...ద్ద పిట్ట! నా నడుము దాకా ఉంది. తెల్లటి మెడ. నెత్తి మీద నల్లటి టోపీ పెట్టుకున్నట్టుంది. దానికి గూడు కూడా ఉంది, కాలవ పక్కన చెట్టు మీద!"

ఆ పిట్ట లైబ్రరీలో ఒక పుస్తకం అట్ట మీద ఉంది. గూడు మాత్రం టపాకాయ సొంత తయారీ.

టీచర్ చేతిలోని చాక్‌పీస్ బల్ల మీద పెట్టేశారు. "తెల్లటి మెడ? నల్లటి నెత్తి? నిజంగా చూశావా?"

"ఒట్టు, టీచర్!"

"అది చాలా అరుదైన పిట్ట! అలాంటిది ఒక్కటున్నా చాలు. అక్కడ ఒక్క ఇటుక కూడా పెట్టనివ్వరు!"

క్లాసంతా చప్పట్లు కొట్టింది. టపాకాయ కూడా నవ్వింది.

సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకిపోయింది. పిన్ని పొలం నుంచి తిన్నగా ఇంటికే వచ్చేసింది. చేతులకు మట్టి కూడా కడుక్కోలేదు.

"నా బంగారు తల్లే! పొలాన్ని కాపాడావే!" అని టపాకాయను ఎత్తి గిర్రున తిప్పింది.

పిన్ని ఆ పొలాల్లోనే కొంచెం నేల కౌలుకు తీసుకుని ఆకుకూరలు, ఉల్లి పండిస్తోంది. అంతకుముందు బట్టల షాపులో పనిచేసేది. పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే ఉండాలి. ఇంటికొచ్చేసరికి మోకాళ్ళు ఇంతలావు వాచిపోయేవి. ఇప్పుడు గోడౌన్లు వస్తే పిన్ని మళ్ళీ ఆ షాపుకే పోవాలి.

"పిన్నీ... అదీ..." అంది టపాకాయ.

"ఏంటే?"

"ఏం లేదు."

రేపు చెబుదాంలే అనుకుంది. తీరా మర్నాడు చూస్తే, టైలర్ తాత మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి పెద్ద బ్యానర్ కుడుతున్నాడు. బ్యానర్ మధ్యలో తెల్లటి మెడ, నల్లటి నెత్తి ఉన్న పిట్ట.

"కాళ్ళు ఇలాగే ఉంటాయా, ఇంకా పొడుగా?" అని తాత కళ్ళజోడు పైనుంచి చూస్తూ అడిగాడు.

"ఇంకొంచెం పొడుగు తాతా," అంది టపాకాయ. ఇంకేమంటుంది పాపం!

శనివారం ఆఫీసరు వచ్చారు. పక్షుల గురించి బాగా తెలిసిన ఒక మేడమ్‌ను వెంట తెచ్చారు. ఇస్త్రీ చొక్కాతో కంపెనీ మనిషి కూడా వచ్చాడు. మేడమ్ బ్యానర్ వైపు చూసి కళ్ళు చిట్లించారు.

"గూడు చూసిన పాప ఎవరు?" అన్నారు ఆఫీసరు.

వెనక నుంచి ఎవరో టపాకాయను ముందుకు తోశారు. అందరూ దారిచ్చారు. టపాకాయ నడిచింది. ఎటు నడుస్తోందో తనకే తెలీదు. ఈ గట్టెక్కింది, ఆ గట్టు దిగింది. నడుస్తూ ఉంటే ఎక్కడో ఒకచోట గూడు దానంతటదే దొరుకుతుందని ఆశ. వెనకాల జనం. గట్టు సన్నం, జనం ఎక్కువ. కొందరు పక్కకు దిగి మళ్ళలోంచే నడిచారు. ఉల్లినారు చెప్పుల కింద పటపటా విరిగింది. అది పిన్ని మడి.

"అయ్యో, మడి!" అని ఎవరో అన్నారు.

"తొక్కితే తొక్కారు, పోనీండి. ముందు పిట్ట దొరకనీండి," అంది పిన్ని నవ్వుతూ.

టపాకాయకు ఏడుపొచ్చినంత పనైంది. చెవులు భగ్గుమన్నాయి. కాలవ పక్కన ఓ చెట్టు కింద ఆగిపోయింది.

"ఇక్కడే..." అంది, తల ఎత్తకుండా.

మేడమ్ చెట్టు పైకి చూశారు. మళ్ళీ బ్యానర్ వైపు చూశారు. "నువ్వు చూసింది ఆ పిట్టేనా అమ్మా?"

"ఆఁ."

"ఆ పిట్ట చెట్టెక్కదమ్మా. నేల మీదే ఉంటుంది, నేల మీదే గుడ్డు పెడుతుంది. ఉండేది కూడా ఎండు గడ్డి మైదానాల్లో. ఇంత తడి నేలకు రాదు."

అందరూ టపాకాయ వైపే చూస్తున్నారు. ఇప్పుడైనా నిజం చెప్పొచ్చు. కానీ భయం నోరు నొక్కేసింది.

"ఎగిరిపోయిందేమో..." అంది.

"గూడు కూడా ఎగిరిపోయిందా పాపా?" అన్నాడు కంపెనీ మనిషి, పగలబడి నవ్వుతూ.

ఆఫీసరు నవ్వలేదు. అదే ఇంకా ఘోరంగా ఉంది. "టీచర్ గారూ, మీ పిల్లలు చూశామన్న మిగతావి కూడా ఇలాంటివేనా?" అని అడిగారు.

సోడాబుడ్డి తన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. వాడు చూసిన కప్పపిల్లలు నిజంగానే అక్కడ కాలవలో తిరుగుతున్నాయి. కానీ ఇప్పుడు వాడి మాట ఎవరు నమ్ముతారు?

"వచ్చే శనివారం ఇంకోసారి వస్తాను. అదే ఆఖరు," అని ఆఫీసరు వెళ్ళిపోయారు.

టైలర్ తాత బ్యానర్ విప్పి, మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. టపాకాయకు ఆ నేల నిలువునా చీలిపోతే అందులోకి దూరిపోదామనిపించింది.

ఆ సాయంత్రం టపాకాయ పొలానికి వెళ్ళింది. పిన్ని నలిగిపోయిన ఉల్లినారు ఏరి పారేస్తోంది. బతికేలా ఉన్న మొక్కల్ని మళ్ళీ గుచ్చుతోంది. టపాకాయ కూడా పక్కన కూర్చుని గుచ్చడం మొదలుపెట్టింది.

"ముఖం అలా పెట్టకే. అంతమంది ఒక్కసారి మీద పడితే ఏ పిట్టయినా బెదిరిపోతుంది. మళ్ళీ వస్తుందిలే," అంది పిన్ని.

తిట్టినా బాగుండేది. ఆ ఓదార్పు మాత్రం టపాకాయ తట్టుకోలేకపోయింది.

"పిట్ట లేదు పిన్నీ."

"అదే, ఎక్కడికో పోయుంటుంది..."

"అసలు లేదు. నేను చూళ్ళేదు. ఆ రోజు నేను పొలానికే రాలేదు. ఇంట్లో కార్టూన్లు చూశా."

పిన్ని చేయి ఆగిపోయింది.

"ఒట్టేశావట కదే," అంది చివరికి. గొంతు చాలా చిన్నగా ఉంది.

టపాకాయ వెక్కి వెక్కి ఏడ్చింది. "తిట్టు పిన్నీ. ఒక్కటి కొట్టు."

"తిడితే నీకు తేలికవుతుందేమో. నా ఉల్లి లేచి నిలబడదుగా," అంది పిన్ని. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి. "సరే, నాతో చెప్పావు. మరి టీచర్‌కు ఎవరు చెప్తారు?"

సోమవారం టపాకాయ స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. లోపలికి పోదామంటే కాళ్ళు రావు, వెనక్కి పోదామంటే మనసు రాదు. చివరికి టీచరే చూసి పిలిచారు. టపాకాయ తలవంచుకుని అంతా చెప్పేసింది.

టీచర్ చాలాసేపు కిటికీలోంచి పొలాల వైపు చూశారు.

"నాకు ఆశ ఎక్కువైంది," అన్నారు. "ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, పక్కన ఎవరున్నారు అని అడగాలి. అడగలేదు. అది నా తప్పు. ఒట్టేసింది మాత్రం నువ్వు."

"అవును టీచర్."

"ఆఫీసరు గారికి కూడా చెప్పాలి. నేను చెప్పనా?"

"వద్దు టీచర్. నేనే చెప్తా."

టైలర్ తాతకు కూడా తనే చెప్పింది. "లేని పిట్టకా నేను కాళ్ళు విప్పి విప్పి కుట్టింది!" అన్నాడు తాత. తర్వాత ముఖం తిప్పుకుని మిషన్ తొక్కుకున్నాడు. క్లాసులో కొత్త పేరు కూడా వచ్చింది, కోతలరాణి అని. టపాకాయ ఎవరితోనూ పోట్లాడలేదు. పోట్లాడటానికి ముఖం ఎక్కడుంది?

ఆ వారమంతా సాయంత్రాలు గట్టు మీద కూర్చుంది. సోడాబుడ్డి కూడా వచ్చేవాడు కానీ, కొంచెం ఎడంగా కూర్చునేవాడు. మొదట్లో టపాకాయకు ఏమీ కనిపించలేదు. కుదురుగా ఉంటేగా కనిపించడానికి!

"నువ్వు నోరు మూస్తే అవి బయటికొస్తాయి," అన్నాడు సోడాబుడ్డి విసుగ్గా. ఆ వారంలో వాడు ఆమెతో అన్న మొదటి మాట అదే.

మళ్ళీ శనివారం వచ్చింది. ఆఫీసరు, మేడమ్, కంపెనీ మనిషి ముగ్గురూ వచ్చారు. ఈసారి బ్యానర్ లేదు. జనమూ తక్కువే. పిన్ని తన మడి పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. సోడాబుడ్డి ముందుకొచ్చి కప్పపిల్లల గురించి చెప్పబోయాడు. "నిజంగానా, లేక చెట్టెక్కాయా?" అన్నాడు కంపెనీ మనిషి. వాడు తల దించుకుని వెనక్కి తగ్గాడు. మిగతా పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

ఆఫీసరు అసహనంగా కారు వైపు చూశారు. "ఇంకెవరూ చెప్పేది లేకపోతే నేను బయల్దేరతాను." అంతలో ఆయన చూపు టపాకాయ మీద పడింది. "నువ్వేగా ఆ పిట్ట పాపవి? ఈసారేం చూశావు?"

సరిగ్గా అప్పుడే, కాలవ అంచున ఎత్తుగా పెరిగిన గడ్డి కదిలింది. గాలి లేదు. ఒక్కచోటే కదిలి ఆగిపోయింది.

"ఏదో ఒక పేరు చెప్పెయ్యవే, వెళ్ళిపోతున్నారు!" అని వెనక నుంచి ఎవరో గుసగుసలాడారు.

పేర్లకేం, టపాకాయ నాలుక చివర బోలెడున్నాయి. పెదవి గట్టిగా కరుచుకుంది. తర్వాత తలెత్తి ఆఫీసరు కళ్ళలోకి చూసింది.

"పోయినసారి నేను చెప్పింది అబద్ధమండీ. ఆ పిట్టను పుస్తకం అట్ట మీద చూశాను. ఆ రోజు అసలు పొలానికే రాలేదు. టీచర్ నన్ను నమ్మారు, అంతే. మిగతా పిల్లలు చూసినవి నిజం. వాళ్ళు నాలాంటి వాళ్ళు కాదు."

పిన్ని వైపు చూడలేకపోయింది.

"విన్నారుగా సార్!" అన్నాడు కంపెనీ మనిషి హుషారుగా.

ఆఫీసరు అతని వైపు తిరగలేదు. "నేనడిగింది అది కాదు. ఈసారేం చూశావు?"

"ఇప్పుడే ఆ గడ్డిలో ఏదో కదిలిందండీ."

"ఏంటది?"

"తెలీదండీ."

"పిట్టా?"

"తెలీదండీ. గడ్డి కదలడం ఒక్కటే చూశాను."

ఆఫీసరు ఆమె ముఖంలోకి కాసేపు చూశారు. తర్వాత గడ్డి వైపు చూశారు. "అయితే అదేంటో చూద్దాం," అని ప్యాంటు కొంచెం పైకి లాక్కుని, గట్టు మీద మట్టిలోనే చతికిలబడ్డారు. మేడమ్ బైనాక్యులర్స్ తీశారు. సోడాబుడ్డి గబగబా వచ్చి కప్పపిల్లలున్న చోటు వేలితో చూపించాడు. ఆఫీసరు వంగి అటు చూశారు.

కంపెనీ మనిషి ఏదో అనబోయాడు. ఆఫీసరు వేలు పెదవుల మీద పెట్టి, "ష్..." అన్నారు.

టపాకాయ ఆయన పక్కన కూర్చుంది. నోరు మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని గడ్డి వైపు చూడసాగింది.