బాకీ ప్రదక్షిణలు

వీసాల దేవుడని పేరున్న చిలుకూరు బాలాజీ గుడిలో ఎవరూ మామూలుగా నడవరు. సగం నడక, సగం పరుగు. కోరిక కోరుకునేవాళ్ళు పదకొండు ప్రదక్షిణలు చేస్తారు. తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి నూట ఎనిమిది చేస్తారు. మొహాలు చూస్తే చాలు, ఎవరు అడగడానికి వచ్చారో, ఎవరు తీర్చుకోవడానికి వచ్చారో తెలిసిపోతుంది. అడిగేవాళ్ళ మొహం బిగుసుకుని ఉంటుంది. తీర్చుకునేవాళ్ళకు కాళ్ళు పీకుతున్నా మొహం వెలిగిపోతుంటుంది.

అఖిల మొహం మాత్రం ఈ రెండింట్లో దేనికీ చెందదు. ఆమె చేస్తున్నది నూట ఎనిమిదే. కాకపోతే అది పాత బాకీ.

రెండేళ్ళ కిందట అమెరికా వీసా వచ్చిన సంబరంలో ఈ మొక్కు సంగతే మరిచిపోయి విమానం ఎక్కేసింది. ఒక్క సెమిస్టర్ చదివి, చదువు సగంలో వదిలి చేవెళ్లకు వచ్చేసింది. స్టూడెంట్ స్టేటస్ పోయింది, వీసా పోయింది. అలా ఎందుకయిందంటే చెప్పడానికి చాలా ఉంది గానీ, ఆమె నాయనమ్మ శంకరమ్మకు కారణం ఒక్కటే.

"దేవునికి బాకీ వెట్టి పోతే ఆయన వాపస్ గుంజుకోడా? ముందు పాతది తీర్చు బిడ్డా, గప్పుడు కొత్తది అడుగు."

అందుకే తిరుగుతోంది. అంతలో వాన మొదలయింది. అందరూ వేగం పెంచారు. అఖిల ముందున్న అబ్బాయి మాత్రం ప్రదక్షిణల లెక్క కార్డు మీద టిక్కు పెట్టుకోవడానికి టక్కున ఆగిపోయాడు. అఖిల వెళ్ళి అతని వీపుకు గుద్దుకుంది. ఇద్దరి కార్డులూ నీళ్ళలో పడ్డాయి. తీసేసరికి సిరా కారిపోయి రెండూ ఒకేలా ఉన్నాయి.

"ఎవరన్న నడిమిట్ల ఆగుతరా? నాయి ఎన్ని అయినయో ఇప్పుడు ఎట్ల తెలుస్తది?"

"సారీ అండీ. నావి అరవై దాటాయి. మీరు నా వెనకే వస్తున్నారు కదా, నా లెక్కే మీరూ వేసేసుకోండి."

"మీ లెక్క నాకెందుకు?"

అతను నవ్వాడు. ఆ గుంపులో అంత సంతోషంగా ఉన్న మొహం ఇంకొకటి లేదు. అఖిలకు కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

"వీసా వచ్చిందా?" అని అడిగింది.

"రిజెక్ట్ అయిందండీ!"

"ఏంది?"

"రిజెక్ట్. రెండు నిమిషాల్లో పంపించేశారు." లడ్డూ దొరికినంత ఆనందంగా చెప్పాడు. "వీసా రాకూడదనే మొక్కుకున్నాను. స్వామి దయ."

అఖిల అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఇక్కడ తను తిండి సహించక, నిద్ర పట్టక వీసా కోసం తిరుగుతుంటే ఇతనికి వేళాకోళం!

"జర పక్కకు జరుగుతరా? వీసా కావాల్సినోళ్ళు పోవాలె," అని విసురుగా ముందుకు వెళ్ళిపోయింది. పాత బాకీ తీరాక కొత్త వీసాకు పదకొండూ తిరిగింది.

వారం తిరక్కుండానే ఆ అబ్బాయి అఖిల వాళ్ళ పూలతోటలో ప్రత్యక్షమయ్యాడు. అఖిల తండ్రి బాలరాజ్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిలో వాడిపోయిన జర్బెరా మొక్క పట్టుకుని ఉన్నాడు.

"అఖిలా, ఈ సారు పేరు తేజస్. గండిపేట ఆయన. మొయినాబాద్ కాడ జాగ కౌలుకు తీసుకొని పూల షెడ్డు ఏసిండట. మొక్కలన్నీ తల ఏలాడేసినయట."

"అలిగినట్టు వేలాడేశాయండీ," అన్న తేజస్ తలెత్తి చూసి, "మీరా!" అన్నాడు.

"తెలుసా మీకు?" అన్నాడు బాలరాజ్.

"తెలుసండీ."

"తెల్వదు బాపూ."

రెండు జవాబులూ ఒక్కసారే వచ్చాయి. బాలరాజ్ మీసం కింద నవ్వు దాచుకున్నాడు.

తేజస్ అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవాళ్ళు. కొడుకు కూడా అదే దారిలో ఇంకా దూరం పోవాలని వాళ్ళ ఆశ. కొడుకేమో ఉద్యోగం మానేసి పూలలో పడ్డాడు. అమ్మ మాట కాదనలేక వీసాకు వెళ్ళాడు, దేవుడితో మాత్రం వేరే ఒప్పందం చేసుకున్నాడు.

"నాకు పూల పని నేర్పండి. బదులుగా ఏ పని చెప్పినా చేస్తాను," అన్నాడు.

బాలరాజ్ తన కాలు వంక చూసుకున్నాడు. "బండి నడుపుతవా?"

అసలు కథంతా ఆ కాలి దగ్గరే ఉంది. అఖిల అమెరికా వెళ్ళిన ఏడాది చలికాలంలో షెడ్డు మీద వల కడుతూ బాలరాజ్ జారిపడ్డాడు. కాలు విరిగింది. చామంతి కోతకొచ్చిన రోజులవి. తల్లి లేని ఇల్లు, తోడబుట్టినవాళ్ళు లేరు. సెలవులకని వచ్చిన అఖిల తెల్లవారుజామున పూల బండి ఎక్కింది, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు. ఇక తిరిగి వెళ్ళనే లేదు. యూనివర్సిటీ నుంచి మెయిళ్ళు వచ్చాయి. ఏం రాయాలో తెలియక, తెరవాలంటేనే భయమేసి అలాగే వదిలేసింది. ఆఖరి మెయిల్ తెరిచేసరికి పేరు తీసేశామని ఉంది. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే సెలవు ఇచ్చేవాళ్ళట.

ఏడాది గడిచాక బాలరాజే పట్టుబట్టాడు. "సదువు సగంల ఇడిసినవంటే కాలు ఇరిగినదానికన్న ఎక్కువ నొస్తది బిడ్డా." మళ్ళీ అప్లై చేసింది. అదే యూనివర్సిటీ మళ్ళీ సీటిచ్చింది. వీసాకు కావాల్సిన కొత్త ఐ-ట్వంటీ కాగితం వచ్చింది. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. కాన్సులేట్ కిటికీ దగ్గర ఒక్క ప్రశ్న తప్పకుండా వస్తుంది.

"మధ్యలో ఎందుకు మానేశారు?"

పూల ట్రేలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, వాటి వెనక వీసా ఆఫీసర్‌లా కూర్చుని అడిగాడు తేజస్. అప్పటికి నెల రోజులుగా రోజూ పొద్దున మార్కెట్‌కు పోయి వస్తున్నాడు. జర్బెరాలు తలెత్తాయి. బదులుగా సాయంత్రాలు అఖిలతో ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయిస్తున్నాడు.

"నాకు... పాణం బాగలేకుండె," అంది అఖిల.

"ఏం జబ్బు?"

"టైఫాయిడ్."

"ఏడాది పాటా?"

"ఏమో! కన్సల్టెన్సీ సారు గట్లనే చెప్పుమన్నడు. దవాఖాన సర్టిఫికెట్ కూడ పుట్టిచ్చి ఇచ్చిండు."

"వద్దండీ. మీరు అబద్ధం చెప్తే చెవులు ఎర్రబడతాయి."

"నా చెవులు చూస్తున్నవా నువ్వు?"

తేజస్ ఉలిక్కిపడి ట్రేలోని పువ్వు తీసి అటూ ఇటూ తిప్పాడు. షెడ్డు మీద వాన టపటపమని మొదలయింది. ఆ చప్పుడు ఎప్పటికీ ఆగకపోతే బాగుండునని అఖిలకు అనిపించింది. అలా అనిపించినందుకు చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి అబద్ధమేమీ చెప్పలేదు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి," అన్నాడతను మెల్లగా.

"నీకేంది, రిజెక్ట్ అయితే పండుగ. నాకు అయితే? బాపు మొహం ఎట్ల చూడాలె నేను?"

తేజస్ ట్రేలు సర్దేశాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మీరు వెళ్ళిపోతే ఈ షెడ్డు బోసిపోతుందండీ," అన్నాడు.

ఆ మాట అఖిల మనసులో రెండు రోజులు తీయగా తిరిగింది. మూడో రోజు శంకరమ్మ గుడి నుంచి వచ్చి చెప్పిన మాటతో చేదయింది.

"మన తేజస్ బాబు కనవడ్డడే చిలుకూర్ల. పదకొండు తిరుగుతుండు. ఏం మొక్కినవ్ బిడ్డా అంటె, 'వీసా సంగతి అవ్వా' అని నవ్విండు."

వీసా సంగతా? అతనికి వీసా అక్కర్లేదు. అంటే తన వీసా సంగతే. వీసా గురించి అతను ఏమని మొక్కుతాడో అఖిలకు తెలియదా? రావద్దని మొక్కడంలో అతనిది అందెవేసిన చెయ్యి. పైగా దేవుడు అతని మాట వింటాడు కూడా!

"షెడ్డు బోసిపోతదని నా బతుకు ఆగం చేస్తడా?" అని ట్రే ఎత్తి దబ్బున పడేసింది.

"పువ్వులేం జేసినయే?" అంది శంకరమ్మ.

ఆ రోజు నుంచి అఖిల మాట్లాడడం మానేసింది. తేజస్ గుడ్ మార్నింగ్ చెబితే గొట్టంతో మొక్కలకు నీళ్ళు పట్టింది. ఆ నీళ్ళు కొన్ని అతని చెప్పుల మీద కూడా పడ్డాయి. పొరపాటున కాదు.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. బాలరాజ్ ఎవరినీ అడగకుండా తేజస్‌నే బండి తీయమన్నాడు. ఇద్దరి మధ్యా చామంతి వాసన తప్ప మాటల్లేవు. మొయినాబాద్ దాటారు, గండిపేట దాటారు. నానక్‌రాంగూడ కాన్సులేట్ దగ్గర బండి ఆగింది. అఖిల దిగబోయి, ఇక ఉండబట్టలేక తిరిగింది.

"ఒక్కటి అడుగుత, సక్కగ చెప్పు. నాకు వీసా రావద్దని మొక్కినవ్ గదా?"

తేజస్ నోరు తెరిచాడు. "నేనా?"

"అవ్వ చూసింది. పదకొండు తిరిగినవట."

"తిరిగాను. మీకు రావాలని."

"అబద్ధం."

"నా చెవులు చూడండి." జుట్టు పక్కకు తోసి మరీ చూపించాడు. "మీకు రావాలనే మొక్కాను. మొక్కేసి బయటికొచ్చాక ఏడుపొచ్చింది. అది వేరే సంగతి."

అఖిల చూపు అతని కాళ్ళ మీదికి జారింది. వారం రోజులు అతని చెప్పులు తడిపింది! ఫైలు తెరిచి, టైఫాయిడ్ సర్టిఫికెట్ తీసి, అతని ఒళ్ళో పెట్టింది.

"దీన్ని చింపెయ్," అని దిగి గబగబా నడిచింది.

అద్దం వెనక ఆఫీసరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఇంగ్లీషులో అడిగింది. "ఒక సెమిస్టర్ చదివి మానేశారు. ఎందుకు?"

"మా నాన్న కాలు విరిగింది," అంది అఖిల ఇంగ్లీషులోనే. "మాది పూలతోట. చామంతి కోతకు వస్తే ఒక్క రోజు కూడా ఆగదు. బండి నడపడానికి నేను తప్ప ఎవరూ లేరు. మా యూనివర్సిటీకి చెప్పాల్సింది. భయపడి చెప్పలేదు. అది నా తప్పు."

ఆఫీసరమ్మ కంప్యూటర్‌లో ఏదో చదివింది. తర్వాత సూటిగా చూసింది.

"రేపు మళ్ళీ ఏదైనా అయితే? మళ్ళీ మానేసి వస్తారా?"

ఈ ప్రశ్న ట్రేల వెనక ఎప్పుడూ రాలేదు. అయినా జవాబు తన్నుకుంటూ బయటికి వచ్చింది.

"మానను. ఇప్పుడు పూలు చూసుకోవడానికి మనిషి ఉన్నాడు."

"ఎవరు? మీకేమవుతాడు?"

అఖిల చెవులు భగ్గుమన్నాయి. పక్క కిటికీలో ఎవరో తమ ప్రాజెక్టు గురించి గడగడా చెబుతున్నారు.

"నేను చదువు పూర్తి చేసి వచ్చి పెళ్ళి చేసుకోబోయే అబ్బాయి," అంది. నిజమే చెప్పాలనుకుంది కాబట్టి, "అతనికి ఇంకా తెలియదు," అని కూడా కలిపింది.

ఆఫీసరమ్మ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. అప్పటిదాకా రాయిలా ఉన్న మొహంలోకి నవ్వు వచ్చేసింది.

"వీసా ఇస్తున్నాను. ముందు వెళ్ళి అతనికి చెప్పండి."

బయట కుండపోత వాన. తేజస్ ఖాళీ పూలట్రే నెత్తి మీద పెట్టుకుని గేటు అవతల నిలబడి ఉన్నాడు. ట్రేకు అన్నీ కంతలే. నిలువునా తడిసిపోయాడు. అఖిల కళ్ళలో నీళ్ళు చూసి అతని మొహం పాలిపోయింది.

"రిజెక్టా?"

"ఒచ్చింది."

తేజస్ ట్రే గాల్లోకి ఎగరేశాడు. అది వెళ్ళి ఆటో మీద పడింది. ఆటోవాలా తిట్టిన తిట్లు ఇద్దరికీ వినబడలేదు.

"ఆగు, ఆగు. ఇంకొక ముచ్చట ఉన్నది," అంది అఖిల. చున్నీ కొస మెలితిప్పింది. "లోపల ఆమెకు ఒక మాట చెప్పిన. నిన్ను అడగకుంటనే."

"ఏం చెప్పారు?"

"పెండ్లి చేసుకునేటోడు ఉన్నడని. పూలు చూసుకుంటడని."

తేజస్ చెవులు ఎర్ర జర్బెరా రంగుకు తిరిగాయి.

"నన్ను అట్ల చూస్తవేంది? నిజం చెప్పుమన్నది నువ్వే గదా!"

"నిజమేనాండీ?"

"అండీ ఏంది ఇంకా? బంద్ చెయ్ ఆ అండీ."

"నిజమేనా... అఖిలా?"

"ఊ," అంది అఖిల. ఇంత చిన్న మాటకు ఇంత ధైర్యం కావాలని ఆమెకు ఇదివరకు తెలియదు.

ఇంటికి వచ్చి చెబితే బాలరాజ్ చాలాసేపు కర్రతో నేల మీద గీతలు గీశాడు. చివరికి, "పిలగాడు మొక్కలను బతికిచ్చిండు. మనుషులను సూసుకోడా?" అన్నాడు. గండిపేటలో తేజస్ తల్లి అరుణకుమారి, కొడుకు పోకపోయినా కోడలైనా అమెరికాలో చదువుతుందని విని, సగం ఏడ్చి సగం నవ్వి ఒప్పుకుంది.

విమానం ఎక్కే ముందు రోజు అందరూ చిలుకూరు వచ్చారు. ఈసారి బాకీ లేకుండా పోవాలని శంకరమ్మ హుకుం. కోరుకున్నది ఇద్దరూ ఒక్కటే కాబట్టి నూట ఎనిమిదీ ఇద్దరూ కలిసే తిరిగారు. లెక్క తప్పకుండా శంకరమ్మ చూసుకుంది. అయిపోయాక శంకరమ్మ చెప్పులు వెతుక్కుంటుంటే, అఖిల గేటు వైపు రాకుండా మళ్ళీ గుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. తేజస్ ఆయాసపడుతూ వెనకే పరుగెత్తాడు.

"అయిపోయాయి కదా! మళ్ళీ ఏంటి?"

"ఇయి పదకొండు. కొత్త మొక్కు. మన పెండ్లి."

"మరి దీని నూట ఎనిమిది ఎప్పుడు తీరుస్తావు? రేపే నీ ఫ్లైటు."

అఖిల ఆగింది. ఈసారి అతనే వచ్చి ఆమె వీపుకు గుద్దుకున్నాడు.

"తీర్చకుంటనే పోత. బాకీ వెట్టి పోతే దేవుడు వాపస్ గుంజుకుంటడని అవ్వ చెప్పింది గదా," అంది నవ్వుతూ.

గేటు దగ్గర నుంచి శంకరమ్మ కేక వేసింది.

"డిగ్రీ పట్టా చేతికొచ్చినంక గుంజుకొమ్మని చెప్పే! మొన్నటి తీరు మధ్యల కాదు!"