అదనంగా ఇరవై నిమిషాలు

"నేను పనిచేస్తుంటే ఇది నిద్రపోతోంది" అంటూ ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌ను కౌంటర్ మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద కోసమే. ఆ చప్పుడుకి లోపల స్క్రూలు ఏరుకుంటున్న అక్క కూడా తలెత్తి చూసింది.

ఆ రిపేరు షాపు అక్కది. కౌంటర్ దగ్గర కూర్చునే తమ్ముడికి ఆవిడ పెట్టిన పేరు పెంగ్విన్. ల్యాప్‌టాప్ మీద, హెల్మెట్ మీద, ఆఖరికి మంచినీళ్ల సీసా మీద కూడా లైనక్స్ పెంగ్విన్ బొమ్మ అంటించుకున్నవాణ్ణి ఇంకేమని పిలుస్తారు? విండోస్ బదులు లైనక్స్ పెట్టిన ల్యాప్‌టాప్ తెచ్చేవాళ్లు నెలకొకరు తగిలితే గొప్ప. అలాంటిది తెచ్చింది ఒక అమ్మాయి, అందులోనూ మంచి కోపంలో ఉన్న అమ్మాయి. మనవాడికి సగం మతి అక్కడే పోయింది.

ఆమె పని పియానోలు శ్రుతి చేయడం. తీగ మోగితే ల్యాప్‌టాప్‌కి తగిలించిన చిన్న మైక్ వింటుంది, తెర మీద ఒక గీత పైకో కిందికో కదులుతుంది, ఆ గీతను చూస్తూ ఆమె రెంచితో తీగ బిగిస్తుంది. ఒక చెయ్యి రెంచి మీద, ఒక చెయ్యి పియానో మెట్ల మీద. ల్యాప్‌టాప్‌ను ముట్టుకునే మూడో చెయ్యి లేదు. ముట్టుకోకపోతే అదేమో ఎవరూ లేరనుకుని స్క్రీన్‌సేవర్ వేసేస్తుంది. నిన్న ఒకరింట్లో తీగ సరిగ్గా కుదిరే క్షణంలో గీత మాయమై తెర నిండా రంగురంగుల చేపలు ఈదాయట. ఆ ఇంటావిడ నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉందట.

పెంగ్విన్‌కి నవ్వొచ్చింది. నవ్వితే ప్రాణానికి ప్రమాదమని తోచి దగ్గాడు.

"తెర ఆరకూడదు. బ్యాటరీ మాత్రం మూడు గంటలు రావాలి. ఇప్పుడు గంటంబావు వస్తోంది" అందామె.

"అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలాగండీ?"

"కుదరదంటే చెప్పండి, వేరే షాపు చూసుకుంటాను."

"కుదురుతుంది" అన్నాడు. ఎలా కుదురుతుందో అప్పటికి అతనికే తెలియదు.

తొందర ఎందుకో కూడా ఆమే చెప్పింది. కొత్తగా కట్టిన సంగీతం హాల్లో పియానో చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. శనివారం పరీక్ష. మూడు గంటల్లో ఆ పెద్ద పియానోను పూర్తిగా శ్రుతి చేసి చూపించాలి. వేదిక మీద కరెంటు తీగలు పరచనివ్వరు. ఆరేళ్లుగా రెంచి సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ తిరుగుతున్న మనిషికి, తనదంటూ ఒక హాలు, ఒక పియానో. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. పెంగ్విన్‌కి మిగిలిన సగం మతి కూడా పోయింది.

ఇక చూడాలి అతని హడావుడి. మంగళవారం చేపల పని పట్టాడు. శ్రుతి ప్రోగ్రామ్ తెరిచి ఉన్నంతసేపూ స్క్రీన్‌సేవర్ రాకుండా, తెర ఆరకుండా చూసే బుల్లి టూల్ ఒకటి పెట్టాడు. బుధవారం బ్యాటరీ. ఎవరెవరు ఎంత కరెంటు తింటున్నారో వరసగా చూపించే టూల్ ఒకటుంది. దాన్ని తెరిచి దొంగల్ని పట్టినట్టు ఒక్కొక్కరినీ పట్టాడు. బ్లూటూత్ బంద్, వైఫై బంద్, తెర వెలుగు సగం. ఆపైన, ప్రాసెసర్‌ను నెమ్మదిగా నడిపిస్తూ ఖాళీగా ఉన్న సామానుకి కరెంటు ఆపేసే పవర్ టూల్ ఒకటి ఎంచి పెట్టాడు. మైక్ జోలికి మాత్రం పోవద్దని దానికి గట్టిగా రాసిపెట్టాడు.

సాయంత్రం ఆమె వచ్చి కూర్చుంది. ఇద్దరూ బ్యాటరీ అయిపోయేదాకా పరీక్షించారు. మూడు గంటల పది నిమిషాలు! పెంగ్విన్ కుర్చీలోంచి లేచి చిన్న గంతు వేశాడు. ఆమె నవ్వి, ఇది చాలు, ఇక దీన్ని కదపకండి అంది.

చాలు అన్నాక ఊరుకోవాలా? ఊరుకుంటే ఆమె మళ్లీ రాదు. అందుకని గురువారం ఫోన్ చేసి, చేపల బదులు వేరే స్క్రీన్‌సేవర్ ఎంచుకోవాలి కదా, ఒకసారి రండి అన్నాడు. ఈ కాలం తెరలకు స్క్రీన్‌సేవర్ అవసరమే లేదని, ఉత్తినే బ్యాటరీ తింటుందని మొన్న చెప్పింది తనే. ఆమె ఆ సంగతి గుర్తుచేసి మరీ వచ్చింది. నలభై రకాలు చూశారు. గడియారాలు ఆమెకు నచ్చలేదు, గొట్టాలు అతనికి నచ్చలేదు, నక్షత్రాల దగ్గర కాసేపు పోట్లాడుకున్నారు. రెండు గంటలు గడిచాక నల్లటి తెర ఒక్కటే ఖాయమైంది. లోపల అక్క తనలో తనే నవ్వుకుంటూ స్క్రూలు ఏరింది.

శుక్రవారానికి ఇంక సాకు లేదు. అప్పుడు మనవాడు కొరివితో తల గోక్కున్నాడు. ఇంకో పవర్ టూల్ ఉంది, అది కూడా పెడితే అదనంగా ఇరవై నిమిషాలు వస్తుందని ఆమెకు చెప్పాడు. ఆమె వచ్చింది. పెట్టాడు. ఇరవై నిమిషాలూ వచ్చాయి. పరీక్షిస్తున్నంతసేపూ ఇద్దరూ ఆపకుండా కబుర్లాడుతూనే ఉన్నారు.

శనివారం పొద్దున వాన. ఈపాటికి ఆమె వేదికెక్కి ఉంటుందని ఊహించుకుంటూ, అతను తన ల్యాప్‌టాప్‌లోనూ ఆ రెండు టూల్సూ పెట్టి, ఒక మైక్ తగిలించి, అదే శ్రుతి ప్రోగ్రామ్ తెరిచాడు. ఏమీ లేదు, మురిసిపోవడానికి. మధ్యలో కాఫీకని ప్రోగ్రామ్ వినడం ఆపి, పది నిమిషాల తరువాత మళ్లీ మొదలుపెట్టాడు. గీత కదల్లేదు. ఈల వేశాడు. కదల్లేదు. చప్పట్లు కొట్టాడు. గీత చచ్చిన పాములా పడి ఉంది.

మైక్ జోలికి పోవద్దని మొదటి టూల్‌కి చెప్పాడు సరే, రెండోదానికి ఎవరు చెప్పారు? మైక్ కాసేపు ఖాళీగా ఉందనగానే అది కరెంటు కోసేసింది. నిన్న కబుర్ల ధ్యాసలో ఒక్కసారి కూడా ఆపి చూడలేదు. ఆమె మాత్రం ఆపుతుంది. పక్క తీగలు మోగకుండా మధ్యలో గుడ్డ పట్టీలు దూర్చేటప్పుడల్లా ఆపుతానని మొదటిరోజే చెప్పింది.

ఆమె ఫోన్ స్విచాఫ్. అక్క సంగతి విని నెత్తి కొట్టుకుంది. "ఒక ఒరలో రెండు కత్తులు ఎలా ఇముడుతాయిరా? ఆ అమ్మాయి చాలు అనలేదూ?"

"అంది."

"మరి రెండోది ఎందుకు పెట్టావు?"

అతను కాళ్లకు బుద్ధి చెప్పాడు. వాన కూడా ఆ రోజుకే మంచి ముహూర్తం చూసుకుంది. మూడు వీధులు, ఒక వంతెన, నూట పది మెట్లు. సంగీతం హాలు తలుపు తోసుకుని లోపల పడేసరికి అతని బూట్లలో వంతెన కింద ఉన్నన్ని నీళ్లున్నాయి.

వేదిక మీద ఆమె చెవి పియానోకి ఆనించి పనిచేస్తోంది. పక్కన ల్యాప్‌టాప్ వెలుగుతోంది, గీత మాత్రం పడి ఉంది. చెవితో చేయగలదు, కానీ నెమ్మది. గంటా పది నిమిషాలే ఉంది, తీగలు ఇంకా సగం పైనే మిగిలాయి. ఎక్కడో వెనక, ఆఖరి వరుసలో, పరీక్ష పెట్టే పియానిస్టు కళ్లు మూసుకుని కూర్చుంది. పెద్దావిడ.

పెంగ్విన్ నీళ్లోడుతూ వేదికెక్కి గుసగుసగా చెప్పాడు. తప్పు తనదేనన్నాడు. ల్యాప్‌టాప్ లాక్కుని రెండో టూల్‌ను పీకేశాడు, మైక్ ఊడదీసి మళ్లీ తగిలించాడు. ఆమె ఒక మెట్టు నొక్కింది. గీత లేచి నిలబడింది.

ఆమె మాత్రం అతని వంకే చూస్తోంది. "బుధవారమే చాలన్నాను కదా. మరి ఎందుకు పెట్టారు?"

ముందుజాగ్రత్తకి అని చెబితే సరిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఇంకా బిగించని ఆ తీగలన్నీ చూశాక అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"పనికి అది అక్కర్లేదు. శుక్రవారం మీరు మళ్లీ రావాలని పెట్టాను. మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ పిచ్చిలో మీ ఉద్యోగం మీదికి తెచ్చాను."

అన్నీ గుసగుసగానే అన్నాడు. కానీ అది సంగీతం హాలు. వేదిక మీద సూది పడినా ఆఖరి వరుసకి వినిపించేలా కట్టారు. పెద్దావిడ కళ్లు తెరిచింది.

"ఏమ్మా, ఆ అబ్బాయికి జవాబు చెప్పి మొదలుపెడతావా, మొదలుపెట్టి చెబుతావా? గడియారం మాత్రం ఆగదు" అంది తాపీగా.

ఆమె ముఖం ఎర్రబడింది. కోపమో, మరొకటో మనవాడికి అంతుపట్టలేదు. "పని అయ్యాక" అని మాత్రం అని రెంచి అందుకుంది.

ఆ గంటా పది నిమిషాలూ పెంగ్విన్ మొదటి వరుసలో, తడిసిన బట్టల్లో, కాలు కదిపితే బూటు కిర్రుమంటుందని శిలలా కూర్చున్నాడు. ఒక్కో తీగ బిగుస్తుంటే అతని ఒళ్లూ బిగుసుకుంది. చివరి తీగ కుదిరేసరికి గడువుకి ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయి. పెద్దావిడ వచ్చి వాయించింది. కింది నుంచి పైదాకా, తరువాత పై నుంచి కిందిదాకా. హాలంతా నిండిపోయింది. ఆవిడ మూత వేసి, సోమవారం నుంచి వచ్చేయమంది.

ఆ అమ్మాయి రెంచి కింద పెట్టింది, మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది. వేదిక మెట్లు దిగి తిన్నగా అతని ముందుకు వచ్చి నిలబడింది. కళ్లలో నీళ్లు, పెదవుల మీద నవ్వు, ఏది ముందొస్తే అది రానీ అన్నట్టు.

"నా ఉద్యోగంతో ఇంకెప్పుడూ ఆడుకోకండి."

"ఆడుకోను."

"నన్ను రప్పించడానికి ల్యాప్‌టాప్‌ను ఎందుకు కష్టపెట్టారు? రమ్మంటే వచ్చేదాన్ని. మంగళవారం రమ్మన్నా వచ్చేదాన్ని."

పెంగ్విన్ లేచి నిలబడ్డాడు. బూటు కిర్రుమంది. పెద్దావిడ వింటోందని తెలుసు, ఈసారి గొంతు తగ్గించలేదు.

"రేపు వస్తారా? పనేమీ లేదు."

"వస్తాను" అందామె.