తిరగేసిన బండలు

మా అమ్మాయి వాళ్లింటి వెనక గచ్చుకి మంచి పేరు లేదు. చీకటి పడితే దాని మీద కాలు పెట్టేవాళ్లు లేరట. ఇదివరకు అద్దెకున్నవాళ్లంతా మంచాలు ముందుగదిలోకి లాక్కునేవాళ్లట. గోడవతలి ఆవిడ చెప్పింది నాకు. పైన ఏం లేదమ్మా, అంది. తర్వాత గొంతు తగ్గించి—

"కింద నడుస్తుంది."

అందుకే ఆ ఇల్లు చవగ్గా వచ్చింది. మా అల్లుడికి అంతకన్నా ఏం కావాలి? ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. దెయ్యం ఉంటే దాని దగ్గర అద్దె వసూలు చేస్తానన్నాడు నాతో.

గచ్చంటే పెద్దదేం కాదు. వంటింటి వెనక తలుపు నుంచి ప్రహరీ దాకా చదరపు బండలు. సందుల్లో గడ్డి, పైన పాకుడు. అరిగి నున్నబడ్డ చోట అమ్మాయి జారిపడింది కూడా. సాయంత్రాలు కుర్చీలు వేసుకునేలా బాగుచేయించమని మొగుణ్ని పోరింది. కొత్త పలకలకి మేస్త్రి చెప్పిన ధర విని అల్లుడు నవ్వాడు. ఉన్న బండలే తిరగెయ్యమన్నాడు. అరిగిన మొహం కిందికి, కొత్త మొహం పైకి. ఖర్చు ఇసుకకీ సిమెంటుకీ, అంతే.

మేస్త్రి కూడా కాదనలేదు. బండ అడుగు గరుకుగా ఉంటుంది, జారదు అన్నాడు.

నేను సాయానికి వెళ్లాను. మేస్త్రి బండలు లేపి, ఏది ఎక్కడిదో అంచున సుద్దముక్కతో గుర్తుపెట్టి, అదే వరసలో పక్కన బోర్లించాడు. నేను చీపురుతో మట్టి కడగడానికి కూర్చున్నాను.

అడుగు గరుకుగా లేదు.

నున్నగా ఉంది... పై మొహం కన్నా.

ఎవరో ముందే ఒకసారి తిరగేసి ఉంటారులెండి, అన్నాడు మేస్త్రి. నా మనసు కుదుటపడింది. కానీ కడుగుతూ పోతే దారి తేలింది. మనుషుల అరుగుదల పైన ఉంది— తలుపు నుంచి పక్కనున్న కుళాయికి. ఇది అటు పోలేదు. గుమ్మమేదీ లేని ప్రహరీ మొదట్లో పుట్టి, నేరుగా వంటింటి తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తలుపు ముందరి బండలో పక్కపక్కన రెండు గుంటలు. మడమలంత.

అక్కడ ఎవరో నిలబడ్డారు. ఏళ్ల తరబడి.

అల్లుడికి చూపించాను. ఆ ఒక్క బండైనా మునుపటిలాగే వేయించమన్నాను.

"మీ అమ్మాయికి పిరికితనం ఎక్కణ్నించి వచ్చిందో ఇప్పుడు తెలిసింది అత్తయ్యగారూ" అన్నాడు, మేస్త్రి ముందే. అమ్మాయి తల దించుకుంది. నేను మళ్లీ చీపురు అందుకున్నాను.

బండలన్నీ తిరగబడ్డాయి.

ఆ రాత్రి అల్లుడు డ్యూటీకి వెళ్లాడు. సందుల్లో సిమెంటు పచ్చిగా ఉంది, పడుకునేముందు తడపమని చెప్పి వెళ్లాడు మేస్త్రి. తలుపు దగ్గరే నిలబడి పైపుతో తడిపేసి, లోపలికొచ్చి గడియ పెట్టాను. అమ్మాయి వెనకగదిలో నిద్రపోయింది. నాకు పట్టలేదు. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి, కిటికీలోంచి చూశాను.

బయట బల్బు వెలుగులో గచ్చు మెరుస్తోంది. అరిగిన దారంతా నీళ్లు నిలిచాయి, సన్నటి కాలవలా.

ప్రహరీ దగ్గర ఆ నీళ్లు చెదిరాయి.

కప్ప అనుకున్నాను.

తర్వాత దానికి ఇవతలి బండ మీద... తర్వాత ఇంకా ఇవతల. చప్పుడు లేదు. ఎవరో పాదం మోపినట్టు నీళ్లు పక్కలకి తప్పుకుంటున్నాయి, మళ్లీ కలుస్తున్నాయి. తలుపు ముందరి గుంటలు రెండూ ఖాళీ అయ్యాయి. చుట్టూ నీళ్లే— వాటిలో మాత్రం చుక్క లేదు.

కింద తిరిగేదాన్ని మేమే పైకి తెచ్చుకున్నాం.

ఎంతసేపు అలా ఉండిపోయానో. గుంటల్లోకి నీళ్లు మెల్లగా జారాయి. ముందు ఒకదాంట్లోకి... తర్వాత రెండోదాంట్లోకి.

కాళ్లు ఎత్తిందన్నమాట.

గడియ వేసినది వేసినట్టే ఉంది. వెనక్కి మళ్లిన జాడ మాత్రం నీళ్లలో లేదు.

అమ్మాయిని ఎలా లేపానో, వీధి తలుపు ఎలా తీశానో గుర్తులేదు. చెప్పులైనా లేకుండా మా ఇంటికి లాక్కొచ్చాను. అల్లుడు ఫోన్లో తిట్టని తిట్టు లేదు. పెళ్లాన్ని వెంటనే పంపకపోతే ఇక మీ దగ్గరే ఉంచుకోండి అన్నాడు. అమ్మాయీ నాతో మాట మానేసింది. చేతులారా కాపురం కూలుస్తున్నావంది. నిన్న బట్టలు సర్దుకుంది, తెల్లారితే ప్రయాణం.

రాత్రి అల్లుడి ఫోన్ వచ్చింది. కేకల్లేవు. పక్కన ఎవరో పడుకున్నట్టు, మెల్లగా—

"అత్తయ్యగారూ... తనని పంపకండి."

ఏమైంది బాబూ అన్నాను.

"మంచం పక్కన నేల అరుగుతోంది. రెండు చోట్ల... తను పడుకునే వైపు."