అనాస సాస్ మూత

ట్రేలో మళ్ళీ ఒక మూత తగ్గింది.

మారిసెల్‌కు ఒళ్ళు మండిపోయింది. సాస్ సీసా కోసం ఆమె సొంతంగా గీసిన మొదటి మూత అది. మధ్యలో చీలిక ఉన్న చిన్న రబ్బరు పొర. సీసా నొక్కితే తెరుచుకోవాలి, వదిలితే మూసుకోవాలి. రేపు ఉదయమే దానికి ఉక్కు అచ్చు కోయిస్తారు, ఆ తర్వాత మార్చడం కుదరదు. ఈలోగా నమూనాలను ఎవరో కాజేస్తున్నారు.

ఎవరో ఏమిటి, విల్మార్! పోటీ కంపెనీ వదిలి కొత్తగా చేరిన డిజైనర్. నవ్వితే బుగ్గ సొట్టపడుతుంది. అలాంటివాళ్ళను అస్సలు నమ్మకూడదని మారిసెల్ మొదటి రోజే తీర్మానించుకుంది. ఎందుకో ఆ తీర్మానాన్ని రోజూ గుర్తు చేసుకోవలసి వస్తోంది.

"జేబులో ఏంటి?" అని నిలదీసింది.

"నా చెయ్యి."

"దాంతోపాటు?"

"వానొచ్చేలా ఉంది, గొడుగు తెచ్చుకున్నావా?" అంటూ జారుకున్నాడు.

తెచ్చుకుంది. అదే అడ్డం పెట్టుకుని ఇతగూయి ఊరి వీధుల్లో అతని వెనకాలే నడిచింది. పాత కంపెనీ వైపు తిరుగుతాడనుకుంటే, పార్కు పక్కన హాట్‌డాగ్ బండి దగ్గర ఆగాడు. జేబులోంచి మూత తీసి అక్కడున్న పెద్దావిడకు ఇచ్చాడు. ఆవిడ దాన్ని అనాస సాస్ సీసాకు బిగించింది.

"దొరికావు! నా డిజైన్ ఎవరికి అమ్ముకుంటున్నావ్?"

విల్మార్ ముఖం పాలిపోయింది. "ఈవిడ మా అమ్మ."

వాళ్ళమ్మ డోన్యా రుబియేలా మారిసెల్‌ను ఎగాదిగా చూసింది. "ఆ పిల్లవి నువ్వేనా? నీ మూతలు నా గిరాకీల చొక్కాలు పాడుచేస్తున్నాయమ్మాయ్. ఇదిగో, నువ్వే నొక్కి చూడు."

మారిసెల్ నొక్కింది. రాలేదు. ఇంకా గట్టిగా నొక్కేసరికి సాస్ తుపుక్కున ఎగిరి విల్మార్ చొక్కా మీద పడింది. వదిలేశాక కూడా కారుతూనే ఉంది. చీలికలో అనాస పీచు ఇరుక్కుంది.

"మనం టొమాటో సాస్‌తోనే పరీక్షించాం. మనూళ్ళో అనాస లేకుండా హాట్‌డాగ్ ఎవడు తింటాడు?" అన్నాడు విల్మార్.

ఆమె సీసా కింద పెట్టింది. "మరి నాకెందుకు చెప్పలేదు? నాది ఫెయిలైతే పని నీకొస్తుందనా?"

"బాస్ డాన్ ఒక్తావియో ఆ మాటే అన్నాడు. అందుకే ఆఫీసులో నోరు విప్పలేదు. చీలిక ఎంత పెంచాలో తేల్చుకుని నీకు చెబుదామని రోజుకొకటి కోసి చూస్తున్నా. ఇంకా కుదరలేదు. చెప్తే ఏడుస్తావేమోనని భయమేసింది."

"నేనా? ఏడవడమా?" అంటూ కళ్ళు తుడుచుకుని, బాస్‌కు ఫోన్ చేసింది. "డాన్ ఒక్తావియో, రేపు అచ్చు కోయించకండి. నా మూత అనాసకి పనికిరాదు. అవును సార్, తప్పు నాదే."

అవతల కేకలు. "పని నీకే ఇస్తాట్ట," అంటూ ఆమె ఫోన్ విల్మార్‌కు ఇచ్చింది.

"నేనొక్కణ్ణే గీయను సార్. ఆవిడుంటేనే చేస్తా," అన్నాడతను. జవాబు విని ఫోన్ పెట్టేశాడు. "వారం టైమిచ్చాడు. ఇద్దరికీ."

మారిసెల్ కళ్ళు చిన్నవయ్యాయి. "ఇందులో నీకేంటి లాభం?"

విల్మార్ చొక్కా మీది సాస్ తుడుచుకోసాగాడు.

"చెప్పరా! ఇంట్లో ఈ పిల్ల గురించి నా బుర్ర తినేస్తావుగా," అంది వాళ్ళమ్మ.

"నువ్వంటే ఇష్టం. చాలా ఇష్టం."

వాన మొదలైంది. ముగ్గురూ బండి పైకప్పు కింద ఇరుక్కున్నారు.

"నాకూ ఇష్టమే," అంది మారిసెల్, అతని చెయ్యి పట్టుకుని. "నమ్మకమే ఇంకా కుదరలేదు. కుదిరేదాకా ఈ చెయ్యి జేబులో పెట్టనివ్వను."