అద్దాల గదిలో అగ్గిపుల్ల

ఆ రోజు గంటవాడ నాటకశాలలో ఉన్నవాళ్ళు వీళ్ళు. ముందు వరసలో పట్టణసభ పెద్దలు. వాళ్ళ వెనక బడి టీచర్లు. ఉప్పునీటిని మంచినీరు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నిద్రకళ్ళతో నేరుగా వచ్చేసినవాళ్ళు. నిమ్మసోడా ఊరికే ఇస్తారని విని వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు. నాటకం అంటే ఎలా ఉంటుందో చూపిద్దామని మనవల్ని బతిమాలి తీసుకొచ్చిన ముసలమ్మలు కొందరు. బాల్కనీలో డాక్టర్ కాత్యాయని, ఆమె యంత్రం వాహిని. తెర వెనక చీర కట్టుకుని విగ్గు సర్దుకుంటున్న దాలినాయుడు. వేదిక పక్కనే, ఆట కనిపించేలా గాజు గోడలతో కట్టి, దీపం ఆర్పేసిన అద్దాల గదిలో, అతని మేనకోడలు వరహాలు.

అది 2096వ సంవత్సరం. హాలు నిండా జనం ఉన్నా నవ్వు వినిపించడం మానేసి చాలా ఏళ్ళయింది. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి కళ్ళద్దాల్లో వాళ్ళు బొమ్మలు చూసుకోవడం అలవాటైపోయింది. ఎప్పుడైనా పదిమందిలో కూర్చోవలసి వస్తే, పక్కవాడు నవ్వుతాడేమోనని చూస్తారు. పక్కవాడు వీళ్ళని చూస్తాడు. ఎవరూ మొదలుపెట్టరు. హాస్యం అర్థం కాక కాదు. మొదట నవ్వినవాడు అందరికీ కనిపించిపోతాడు. అలా కనిపించడమంటే అందరికీ భయం.

ఆ భయానికి డాక్టర్ కాత్యాయని కనిపెట్టిన మందు ఈ వాహిని. పూర్తి పేరు హాసవాహిని. మనిషి నిజంగా నవ్వినప్పుడు గొంతూ, ఊపిరితిత్తుల కింది పొరా, మెడలోంచి పొట్టలోకి దిగే వేగస్ నాడీ ఒకే లయలో కదులుతాయి. ఒకరి మెడకి కట్టిన మూలపట్టీ ఆ లయని చదువుతుంది. హాలులో మిగతావాళ్ళ మెడలకున్న చిన్న పట్టీలకి దాన్ని పంపుతుంది. వాళ్ళ నాడి మీద అదే లయ మెత్తగా తడుతుంది. కడుపులో గిలిగింత పుడుతుంది, పెదవులు విడిపోతాయి. ఒకరి నవ్వు విని ఇంకొకరు నవ్వుతారు.

"ఒక్క అగ్గిపుల్ల చాలు," అనేది డాక్టర్. "మిగతా మంట వాళ్ళే మండించుకుంటారు."

ఆ అగ్గిపుల్ల వరహాలు. కిందటేడు డాక్టర్ మనుషులు ఊళ్ళ వెంట తిరుగుతూ, బళ్ళలో పాత హాస్య నాటకాల రికార్డులు వినిపించారు. పిల్లలందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరి బెంచీలో ఒక పిల్ల మాత్రం అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. పేరు అడిగితే చెప్పలేకపోయింది. ఆమెకి నత్తి. మాట గొంతులో ఆగిపోయినప్పుడు బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకుంటుంది, మాటని అక్కణ్ణుంచి లాగుతున్నట్టు. అలా ఎంతసేపు రుద్దినా కొన్ని మాటలు రావు. నవ్వు మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చేస్తుంది. అందుకే ఆమెకి నవ్వంటే ఇష్టం.

నాటకం పేరు 'ముసుగు సంబంధం'. నూరేళ్ళ పైనాటిది. ఒకప్పుడు ఊరూరా జనాన్ని పొట్టలు పట్టుకునేలా చేసిన నాటకం. దాన్ని మళ్ళీ కట్టించినవాడు దాలినాయుడు. ఆడవేషాలు వేసే ఆఖరి నటుల్లో అతనొకడు. తల్లీ తండ్రీ లేని వరహాలుని ఆ హాలు వెనక గదిలోనే పెంచాడు. ఈ నాటకం కూడా జనాన్ని నవ్వించలేకపోతే హాలుని కంప్యూటర్ల గోదాముగా మార్చేస్తామని పట్టణసభ చెప్పేసింది. హాలు పోతే ఆ గదీ పోతుంది, దాలినాయుడికి తెలిసిన ఒకే ఒక్క పనీ పోతుంది.

నాటకానికి ముందు అతను పౌడరు మొహంతో అద్దాల గదికి వచ్చాడు.

"ఏటమ్మా, సిద్ధమేనా? సోడా తాగేవా?"

వరహాలు తలూపింది.

"బయపడకు. నువ్వేటీ సెయ్యక్కర్లేదు. నన్ను సూసి నవ్వడమే గదా. ఇంట్లో రోజూ నవ్వుతూనే ఉన్నావు."

"మీ... మీసం," అంది వరహాలు వేలు చూపిస్తూ.

దాలినాయుడు పైపెదవి తడుముకున్నాడు. ఒక పక్క గీసుకోవడం మర్చిపోయాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. బాల్కనీలో వాహిని తెర మీద ఆ నవ్వు పచ్చటి అలలా లేచింది.

"అద్భుతం," అంది డాక్టర్, గదిలోని స్పీకరులోంచి. "నాయుడుగారూ, మీ సీను మొత్తం రిహార్సల్లో ఒక్కసారీ చూపించలేదు. పెళ్ళిచూపుల సీను. కొలతలు తీసుకుందామంటే కుదరలేదు."

"ఆ సీను రిహార్సల్లో పూర్తిగా ఆడకూడదు డాక్టరమ్మగారూ. నవ్వించేది ముందే ఆడేస్తే ఎంగిలైపోద్ది. మా మేష్టారు అలాగే నేర్పేరు. 'ఇక్కడ నవ్వు' అనుకుని దాటేస్తాం, అంతే."

"సరే, మీ ఇష్టం. వరహాలూ, తలుపు వెయ్యనా?"

వరహాలు గబగబా తల అడ్డంగా ఊపింది. తలుపు మూస్తే గొంతు ఇంకా బిగుసుకుంటుంది. ఆ విషయం డాక్టరుకి తెలుసు.

"సరే. నీకు మాటిచ్చాను కదా. కొంచెం తీసే ఉంచుతాం."

తెర లేచింది. మొదటి అంకం అనుకున్నదానికన్నా బాగా నడిచింది. పెళ్ళివారి కోసం అరువు తెచ్చిన కుర్చీ కాలు విరిగినప్పుడు వరహాలు కిసుక్కుమంది. ఆ కిసుక్కు హాలంతా పాకింది. ముందు ముసలమ్మలు, తర్వాత కుర్రాళ్ళు, ఆ తర్వాత పట్టణసభ పెద్దలు. నవ్విన ప్రతివాడూ పక్కవాడివైపు చూసి, వాడూ నవ్వుతుంటే ధైర్యం తెచ్చుకున్నాడు. హాలులో నవ్వుని కొలవడానికి వేదిక పైన గోడకి బిగించిన కొలత పలకలో పచ్చగీత పైకి పాకింది.

"ఏం నవ్వు డాక్టర్!" అంది వాహిని. దాని గొంతు ఆడగొంతులా నెమ్మదిగా ఉంటుంది. "మూలం చాలా శుభ్రంగా ఉంది."

రెండో అంకంలో పెళ్ళిచూపుల సీను వచ్చింది. కథ ఇది. పెళ్ళికూతురు సుందరమ్మకి నత్తి. ఇంట్లోవాళ్ళు ఆ సంగతి దాచడానికి ఆమెని తెర వెనక కూర్చోబెట్టి, పక్కింటి పిల్లచేత మాట్లాడిస్తారు. తీరా పెళ్ళికొడుకు పేరు అడిగేసరికి తెర జారిపోతుంది. సుందరమ్మ తన పేరు తనే చెప్పుకోవాలి.

తెర జారింది. సుందరమ్మ వేషంలో దాలినాయుడు తల వంచుకుని కూర్చున్నాడు.

"సు..." అన్నాడు. ఆగాడు. గొంతు మీద నరం పొంగింది. కనురెప్పలు టపటప కొట్టుకున్నాయి. కుడిచేతి బొటనవేలు మెల్లగా చూపుడువేలిని రుద్దడం మొదలుపెట్టింది.

వరహాలు తన చేతివైపు చూసుకుంది.

"సు... సు..." భుజం ఒకటి చెవి దగ్గరికి లేచింది. మాట రాబోతున్నట్టు పెదవి వణికింది, రాలేదు. ఆ వణుకు వరహాలుది. ఆ భుజం వరహాలుది. బడిలో హాజరు పిలిచేటప్పుడు, కొట్లో చింతపండు అడిగేటప్పుడు, తలుపు చాటున ఎవరికీ కనిపించలేదనుకున్నప్పుడు ఆమె పడిన అవస్థంతా ఏమీ తప్పకుండా అక్కడ, అంత వెలుగులో, చీర కట్టుకుని కూర్చుంది.

'ఇక్కడ నవ్వు' అనుకుంది వరహాలు. నవ్వాలి. నవ్వకపోతే హాలు పోతుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు రాలేదు. గొంతులోకి ఏదో ఉండలా ఎక్కి కూర్చుంది.

ఆ ఉండ హాలులో ప్రతి గొంతులోనూ ఎక్కింది.

"డాక్టర్," అంది వాహిని. "ఇది నవ్వు కాదు. ఏడుపు లయ. పంపడం ఆపనా?"

"ఆపితే పట్టీలు చల్లబడిపోతాయి, మళ్ళీ ఎవరూ మొదలుపెట్టరు. ఒక్క నిమిషం చూడు, సర్దుకుంటుందేమో."

సర్దుకోలేదు. హాలు నిశ్శబ్దమైపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒకాయన తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఎందుకు ఒత్తుకుంటున్నాడో అతనికే తెలియలేదు. ఒక ముసలమ్మ మనవరాలిని దగ్గరికి లాక్కుంది. హాలు మొత్తానికీ ఒకే మనిషి బాధ, ఏ మాటా అవసరం లేకుండా, లోపలికంటా తెలిసింది. ఏ నాటకమూ చెయ్యలేనిది ఆ యంత్రం చేసింది. కొలత పలకలో గీత కిందికి జారిపోతోంది.

"ఇదేం కామెడీ బాబూ, కడుపులో చెయ్యి పెట్టి తిప్పుతున్నట్టుంది," అన్నాడు ఒక కుర్రాడు. మెడపట్టీ లాగి పారేశాడు. అతన్ని చూసి ఇంకొకరు తీశారు. ఆ తర్వాత అందరూ తీసేశారు. చెమట తుడుచుకుని, ఈ ఏడుపు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చుట్టూ చూశారు.

మూలపట్టీకి ఒక చిన్న దీపం ఉంటుంది. మామూలుగా పచ్చగా, కనీకనిపించకుండా వెలుగుతుంది. ఇప్పుడది ఎర్రగా మారి వరహాలు మొహం మీద పడింది. చీకటి గదిలో ఆ మొహం ఒక్కటే కనిపిస్తోంది.

వరహాలు లేచి నిలబడింది. మావయ్యని ఆపమనాలి. "ఆ..." అంది. "ఆ... ఆ..." బొటనవేలు చూపుడువేలిని రుద్దుతోంది. భుజం చెవి దగ్గరికి లేచింది.

వేదిక మీద దాలినాయుడు "సు... సు..." అంటున్నాడు.

"ఒరేయ్, అటు చూడు," అన్నాడు కుర్రాడు. "అక్కడ ఒరిజినల్!"

జనం అద్దాలవైపు చూశారు. వేదికవైపు చూశారు. మళ్ళీ అద్దాలవైపు చూశారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఈసారి ఎవరూ పక్కవాడికోసం ఆగలేదు. హాలు పగిలిపోయినట్టు నవ్వింది. ఇందాక కళ్ళు ఒత్తుకున్నాయన అదే తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాడు. పట్టణసభ పెద్ద ఒకాయన పక్క కుర్చీ పట్టుకుని వంగిపోయాడు. ఎవరి మెడకీ పట్టీ లేదు.

దాలినాయుడు అప్పుడు పక్కకి చూశాడు. ఎర్ర వెలుగులో వరహాలుని చూశాడు. ఆమె చేతిని చూశాడు. తన చేతిని చూసుకున్నాడు. అతని వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. మాట మర్చిపోయి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అదీ నటనే అనుకుని జనం ఇంకా నవ్వారు.

"డాక్టర్, ఇక మూలం అక్కర్లేదు," అంది వాహిని. "వాళ్ళంతట వాళ్ళే నవ్వుతున్నారు."

డాక్టర్ కాత్యాయని అప్పటికే నిలబడి ఉంది. ఆమె జీవితమంతా వెతికిన నవ్వు అది. "అక్కర్లేకపోవడమేంటి?" అంది. "వాళ్ళు చూస్తున్నది ఆ పిల్లనే. గదిలో లైటు వెయ్యి."

గదిలో తెల్లటి దీపం వెలిగింది.

సీను ఎలాగో ముగిసింది. తెర పడింది. వెనక వరసలోంచి ఒక ముసలమ్మ గొంతు లేచింది, చిన్నప్పుడెప్పుడో విన్న మాట గుర్తొచ్చినట్టు. "వన్స్ మోర్!" ఆ మాట కుర్రాళ్ళకి కొత్త. కానీ వెంటనే నచ్చింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని కాళ్ళతో నేల తన్నారు. కొలత పలకలో గీత పై అంచుకి తగిలి అక్కడే నిలబడిపోయింది.

వరహాలు మూలపట్టీ తియ్యబోయింది. వేళ్ళకి కొక్కెం దొరకలేదు. తీసి ఉన్న తలుపు సందులోంచి చీర కుచ్చిళ్ళు కనిపించాయి. మావయ్య వచ్చాడు. చెమటకి కాటుక చెంపల మీదికి కారింది. ఇంటికి తీసుకుపోతాడని ఆమె తలుపు అంచు పట్టుకుంది.

"నాను కావాలని సెయ్యలేదమ్మా," అన్నాడు దాలినాయుడు. "ఒట్టు. ఆడపిల్లకి మాట రాకపోతే ఎలగుంటాదా అనుకున్నాను. సెయ్యి దానంతటదే అలగెల్లిపోయింది."

"ఇ... ఇం... ఇంటి..."

"ఎల్దాం. ఎల్దాం తల్లీ." అతను హాలువైపు చూశాడు. "అడుగుతున్నారు గదా. అడిగితే ఆడాలి. మా మేష్టారు జొరంతో ఉండి కూడా ఆడేరు. కాదనకూడదమ్మా."

"నాయుడుగారూ," అంది స్పీకరులోంచి డాక్టర్ గొంతు. "బయటి గొడవకి పాప చెదిరిపోతోంది. ఆ తలుపు కాస్త వేసెయ్యండి. రేపటి ఆటకి కూడా టికెట్లు అయిపోయాయట!"

బయట నేల అదురుతోంది. దాలినాయుడి కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళ వెనక వరహాలు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడని వెలుగు ఒకటుంది. అది సంతోషమని ఆమెకి తెలిసింది. దాన్ని ఆపమనడానికి ఆమె దగ్గర మాట లేదు.

"ఒక్కసారేనమ్మా," అన్నాడు.

తలుపు అంచు మీదున్న ఆమె వేళ్ళని ఒక్కొక్కటిగా విడిపించి, నలగకుండా లోపలికి పెట్టి, మెల్లగా తలుపు మూశాడు.